మియానీ లేని పైజామా

మా నాయనకు నేను కుట్టిన పైజామాలో మియానీ లేదు. ఈ సంగతి తెలియనివాళ్ళు మా బంధువుల్లో లేరు. పెండ్లికి పోయినా, చావుకు పోయినా నన్ను చూడగానే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. అప్పటికి పుట్టని పిల్లలు కూడా వచ్చి, "అవ్వా, మియానీ మరిచిపోయింది నువ్వేనంట గదా" అని అడుగుతారు. మరిచిపోలేదు. మరిచిపోవాలంటే అది ముందు తెలిసి ఉండాలి. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పామన్నవాళ్ళు సరిగ్గా చెప్పలేదు. ఈ తేడా ఇన్నేండ్లలో ఒక్కరికీ పట్టలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందే చెప్తాను. పైజామాకు రెండు కాళ్ళూ కలిసే చోట, తొడల సందున, గాలిపటం ఆకారంలో చిన్న గుడ్డముక్క ఒకటి వేసి అతుకుతారు. దాని పేరు మియానీ. అది ఉంటే మనిషి బాసింపట్టు వేసుకుని హాయిగా కూర్చోవచ్చు. లేకపోతే నిలబడవచ్చు. అంతే తేడా. ఊరికే నిలబడే మనిషికైతే నా పైజామాలో ఏ లోపమూ లేదు.

మాది దూదేకుల ఇల్లు. మైదుకూరుకు ఒక కోసు దూరంలో ఉన్న ఊరు. మా నాయన పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. మా అమ్మ పోయాక, అక్కకు పెండ్లయ్యాక, ఇంట్లో ఆయనా నేనూ మిగిలాము. నమాజు అరబ్బీలో చదివేవాళ్ళం, మిగిలిందంతా తెలుగులోనే. తిట్టుకున్నా తెలుగే, ఏడ్చినా తెలుగే. మా నాయన బుద్ధెరిగి పంచె తప్ప వేరేది కట్టలేదు. అక్కను ఇచ్చింది కడపలో తోళ్ళ మండీ ఉన్న ఇంటికి. వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు, మగవాళ్ళందరూ పైజామాలు తొడిగేవాళ్ళు. మాతో తెలుగులోనే మాట్లాడేవాళ్ళు గానీ, బావిలోకి వంగి మాట్లాడినట్టు గట్టిగా, నిదానంగా మాట్లాడేవాళ్ళు.

అక్క నిఖా మా ఊళ్ళోనే అయింది. ఆ తర్వాత మగపెండ్లివాళ్ళు కడపలో విందు పెడితే పోయాము. మా నాయన కొత్త పంచె కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని ఆ ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాళ్ళ పనివాడొకడు వచ్చి, "ఎద్దులకు నీళ్ళు పెట్టినావా" అని అడిగి, బదులు చెప్పేలోగా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, బండ్లు తోలుకొచ్చినవాళ్ళ వరసలో కూర్చోబెట్టి విస్తరి వేశాడు. పెండ్లికూతురి తండ్రికి. ఆ ఇంటివాళ్ళు చూశారు. ఆలస్యంగా చూశారు, చూసి కూడా లేపితే ఇంకా రచ్చ అవుతుందని ఊరుకున్నారు. మా నాయన మాత్రం నిమ్మళంగా తిని లేచాడు.

"కూర బాగుండాది" అన్నాడు నాతో. ఆయన కథ అంతటితో అయిపోయింది. నాది కాలేదు. ఆ పనివాడికి ఎడమకన్ను మెల్ల. విస్తరికి ఒక పక్క చిల్లు. నాకు అన్నీ జ్ఞాపకమే.

అయినా ఆ తర్వాత మా నాయన ఆ ఇంటి గడప తొక్కలేదు. కడపకు పోయేవాడు, వాకిట్లోనే నిలబడి అక్కను పలకరించేవాడు, సీతాఫలాల గంప దించి, బస్సు పోతాదని చెప్పి వచ్చేసేవాడు. మనుమడు పుట్టినప్పుడు కూడా వాణ్ణి వాకిట్లోనే ఎత్తుకుని వాకిట్లోనే దించాడు.

ఆ మనుమడికి నాలుగేండ్లు నిండాయి. బిస్మిల్లా చేయాలి. అంటే పిల్లవాడికి మొదటి అక్షరం చెప్పించే పండగ. ఆ పూట పిల్లవాణ్ణి తల్లి తరపు తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పించడం ఆ ఇంటి ఆనవాయితీ. కూర్చునేది వాకిట్లో కాదు, నడిమింట్లో, జంఖానా మీద, ఊరి పెద్దల మధ్య. మా నాయన పోకపోతే ఆ చోట వాళ్ళ బంధువు ఎవరో కూర్చుంటాడు, ఆనవాయితీ అటు మళ్ళిపోతుంది. అక్క ఒక గాజులమ్మతో కబురు పంపింది.

"నాయన తప్పకుండా రావాలంట. ఈసారి గూడా రాకుంటే ఆ యమ్మి పుట్టింటికి రాదంట" అంది గాజులమ్మ మా అరుగు మీద బుట్ట దించి. కాసేపు గాజులు సర్దుకుని, "ఇంకొక మాట. వాళ్ళత్త చెప్పమన్యాది. నలుగురొచ్చే చోటంట, ఆయప్పను పైజామా ఏసుకోని రమ్మన్యాది."

గాజులమ్మ పోయాక మా నాయన దూది ఏకే విల్లు తీసుకుని కొంతసేపు ఊరికే దాని తాడు మీటాడు.

"నేను పోను పాపా" అన్నాడు. "ఆ ఇంట్లో నా కాళ్ళకు ఏం పని?"

"కాళ్ళకు కాదు నాయనా, ఒడికి పని."

"నా ఒడి పంచెలో ఉండాది. పంచె వొద్దంటాండారు గదా."

"అయితే ఒక పైజామా కుట్టిచ్చుకో. మైదుకూరులో దర్జీ ఉండాడు."

"ఈ వయసులో ఎవడో వొచ్చి నా కాళ్ళకు టేపు పెట్టి కొలుస్తాంటే నేను నిలబడుకోవాల్నా? పోమ్మా."

అక్క పుట్టింటికి రాకపోతే నాకు మిగిలేది ఎవరు? మా నాయనకు మిగిలేది ఎవరు? ఆయన ఆ జంఖానా మీద కూర్చోవాలి. వాళ్ళ ఎదురుగా, వాళ్ళ పెద్దల నడుమ, వాళ్ళ మనుమణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. దానికి అడ్డం ఒక గుడ్డ అయితే ఆ గుడ్డ నేనే కుట్టి ఇస్తాను. బిడ్డ చేత్తో కుట్టింది కాదనడు. అంతవరకు రవికలకు చంకలు అతకడం, బొంతలు కుట్టడం తప్ప నాకు కుట్టుపని రాదు. అయితే ఏం? బొంత కుట్టే చెయ్యి దేన్నయినా కుడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మిల్లు బట్ట కంట్రోలు అంగట్లో కూడా దొరికేది కాదు. మగ్గాల వీధిలో పంచెలు నేసే పెద్దమ్మ దగ్గరికి పోయాను.

"ఎవురికి?" అంది.

"మా నాయనకు."

"పంచె అయితే ఉండాది. కత్తెర పెట్టేదానికయితే ల్యా. కూచోని కూచోని నేసేది, మీరు నరికేదానికా?"

"పంచే పెద్దమ్మా."

"కత్తెర పెట్టవు గదా."

"నేను పెట్టను."

మాట తప్పలేదు. ఆ పంచెకు మొదటి కత్తెర వేసింది నేను కాదు, మా పక్కింటి కర్నూలు ఖాలా. ఖాలా అంటే పిన్నమ్మ. ఆమె భర్త పోలీసు, కర్నూలు నుంచి మా ఊరికి బదిలీ మీద వచ్చారు. ఆమె కుట్టని పైజామా లేదని చెప్పుకునేది. మాకు ఉర్దూ రాదని తెలిసినప్పుడు, "అయ్యో, అట్లనా" అని నా తల నిమిరింది. జ్వరం వచ్చినదాన్ని నిమిరినట్టు నిమిరింది. అదీ నేను మరిచిపోలేదు. కానీ ఊళ్ళో పైజామా తెలిసిన ఆడమనిషి ఆమె ఒక్కతే.

ముందు కొలత కావాలి. మధ్యాహ్నం మా నాయన నులకమంచం మీద పడుకున్నప్పుడు నూలుపోగు తీసుకుని మడమ దగ్గర నుంచి నడుందాకా పట్టాను. ఆయన కన్ను తెరవకుండానే, "ఏందది?" అన్నాడు.

"చీమ నాయనా."

"నడుం దాకా వొచ్చినాదే."

"పెద్ద చీమ."

"పోనీలే, దాని పని అది చూసుకుంటాది" అని అటు తిరిగి పడుకున్నాడు. తిరిగేముందు కాళ్ళు రెండూ చక్కగా చాపి ఉన్నాయి. కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. పైజామా పొడవు గురించి ఈనాటికీ ఎవరూ వంక పెట్టలేదు, పెట్టలేరు.

ఖాలాకూ మాకూ మధ్య గోడ నా భుజాల ఎత్తు. ఆమె కత్తెరతో మొదటి కోత వేయించుకుని, మిగతాది మా అరుగు మీదే చేసుకున్నాను. ఆమె గోడ అవతల కోళ్ళకు నూకలు చల్లుతూ చెప్పేది, నేను ఇవతల కుట్టేదాన్ని.

"కాళ్ళు రెండూ కోసినావా?"

"కోసినా ఖాలా."

"నేఫా మడిచినావా?"

నడుం దగ్గర నాడా దూర్చే మడతను నేఫా అంటారని పొద్దునే అడిగి తెలుసుకున్నాను. ఆ అడగడానికే నా ప్రాణం పోయింది. రోజుకు ఒక మాట తెలియదని ఒప్పుకోవడం నా వల్ల అవుతుంది. రెండోది కాదు.

"మడిచినా."

"అయితే ఇంక మియానీ చూసుకో."

ఆమె అన్నది అదేనట. నాకు వినబడింది మాత్రం "మియాని చూసుకో". మా వైపు సాయిబుల ఇంటి మగమనిషిని మియా అంటారు. మా నాయనను ఊరంతా "ఏం మియా, పరుపు ఎప్పుడిస్తావు" అనే పిలిచేది. కాబట్టి మియాని చూసుకో అంటే మీ నాయనను చూసుకో అని. తెలుగు వచ్చిన ఎవరికైనా అలాగే వినబడుతుంది.

"ఆయనకేం ఖాలా, బాగనే ఉండాడు" అన్నాను.

ఆమె నవ్వింది. నేను పరాచికం ఆడుతున్నానని అనుకుందట. "అదే బాగుండాల అమ్మాయ్. మియానీ బాగుంటేనే పైజామా బాగుండేది."

"అవును గదా" అన్నాను. మనిషి బాగుంటేనే కదా బట్టకు అందం. మంచి మాట చెప్పిందని కూడా అనుకున్నాను.

"మధ్యలో పెట్టు. ఇటు జరగగూడదు, అటు జరగగూడదు."

"మధ్యలో కాకుండా యాడ పెడతారు?" అన్నాను. పైజామాలో మనిషిని పక్కకు పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా?

"తెలివైన పిల్లవే" అంది ఆమె. ఆమె నోటి నుంచి నాకు వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. ఆ మెచ్చుకోలుతోనే నా కొంప మునిగింది.

దీర్ఘం. అంతా ఆ దీర్ఘంలో ఉంది. ఆ చివరి "నీ"ని సాగదీసి పలికి ఉంటే నేను ఆగి, సిగ్గు విడిచి, ఇదేమిటని అడిగేదాన్ని. కోళ్ళను అదిలించేటప్పుడు అంత దీర్ఘాలు తీసే మనిషి, నాకు చెప్పేటప్పుడు మింగేసింది. ఇది నా తప్పని ఎవరన్నా అంటే, వ్యాకరణం తెలిసినవాళ్ళను పిలిపించి పంచాయతీ పెట్టడానికి నేను ఇవాళ్టికీ సిద్ధమే.

కాళ్ళు రెండూ కలిపి బొంత కుట్టు కుట్టాను, లాగితే గోడైనా పడాలిగానీ కుట్టు ఊడదన్నంత గట్టిగా. చివరికి అరచేయంత ముక్క ఒకటి మిగిలింది. పారేయడానికి మనసు రాక మరో రెండు పేలికలు కలిపి పిల్లవాడికి టోపీ కుట్టాను. పంచెకున్న ఎర్ర అంచును నేను కోసేయలేదు, అంత మంచి నేత కోయబుద్ధి కాలేదు. అది రెండు కాళ్ళకూ బయటి వైపున నడుం నుంచి మడమ దాకా తిన్నగా దిగింది. నా కంటికి బాగుంది.

మా నాయన చేతికి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వెలుతురుకు ఎదురుగా తిప్పి తిప్పి చూశాడు.

"ఏంది పాపా ఇది, దిండు గలీబులు రెండు తెచ్చి ఒకటిగా కుట్టినావు?"

"పైజామా నాయనా."

"దీంట్లో ఎంత దూది పడతాదో తెలుసునా?"

"నవ్వితే ఇంక నీతో మాట్లాడను. నీకని కుట్టినా."

ఆయన నవ్వు ఆపాడు. కుట్టు వెంబడి బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా నెమ్మదిగా పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. సూది గుచ్చుకున్నప్పుడు అంటిన నెత్తుటి చుక్క అక్కడ ఉంది, ఉతికినా పోలేదు.

"ఎప్పుడు పోవాల కడపకు?" అన్నాడు.

లోపలికి పోయి తొడుక్కుని నిలబడి చూసుకున్నాడు. సరిపోయింది. ఎవరైనా కొత్త బట్ట నిలబడే చూసుకుంటారు. కూర్చుని చూసుకోలేదెందుకని తర్వాత నన్ను నిలదీసినవాళ్ళు, వాళ్ళ పెండ్లి బట్టలు ఎలా చూసుకున్నారో ముందు చెప్పాలి.

బొగ్గుతో నడిచే బస్సులో కడపకు పోయాము. పొగకు మాసిపోతుందని పైజామాను సంచిలో పెట్టుకుని మా నాయన పంచెతోనే వచ్చాడు. అక్క వాకిట్లో కాచుకుని ఉంది. ఆయన చేతిలో సంచి లాక్కుంది.

"తెచ్చినావా నాయనా?"

"నీ చెల్లెలు తెచ్చినాది. నేను మోసినా."

అక్క ఆయన్ను చెయ్యి పట్టుకుని గడప దాటించింది. ఆయన గడప మీద ఒక్క క్షణం ఆగి, కాలు తుడుచుకుని లోపలికి వచ్చాడు. నాకు అప్పుడే గెలిచినట్టు అనిపించింది. పక్కగదిలో పైజామా తొడుక్కుని బయటికి వచ్చేసరికి, అక్క అత్త ఎదురు వచ్చింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది.

"రా అన్నా రా, ఇన్నాళ్ళకు వొచ్చినావు. పైజామా బాగుండాది." ఆ ఎర్ర అంచు మీద ఆమె కన్ను ఆగింది. "బ్యాండు మేళం వాళ్ళ మాదిరి ఉండాది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది చూసుకుని అన్నదో, చూసుకోకుండా అన్నదో తెలియదు. రెండూ నా లెక్కలో ఒకటే.

నడిమింట్లో జంఖానా పరిచారు. మగవాళ్ళంతా గోడల వెంబడి కూర్చున్నారు. మౌల్వీ సాబు పలక, సుద్ద ముందు పెట్టుకుని ఉన్నాడు. మేము ఆడవాళ్ళం లోపలి గదిలో, తెర వెనకాల. తెరకు ఒక పక్క సందు ఉంది, అక్కడ చోటు నేను ముందే పట్టుకున్నాను. పిల్లవాడు నేను కుట్టిన టోపీ పెట్టుకుని నడుమ నిలబడ్డాడు. వాడి పక్కన చోటు ఖాళీగా ఉంది. మా నాయనకు అని విడిచిపెట్టిన చోటు.

మా నాయన వచ్చి ఆ చోట నిలబడ్డాడు. మోకాళ్ళు కొంచెం వంచాడు. గుడ్డ ఎక్కడో 'పర్రు'మంది. మళ్ళీ నిటారుగా లేచాడు.

"కూచో బావా" అన్నాడు అక్క మామ.

"పర్వాల్యా, నిలబడుకుంటా."

"నిలబడేదేంది, కూచో."

"మీరు కానియ్యండి బావా. నాకు ఇట్లనే బాగుండాది."

మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లవాడు మా నాయన చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. మా వైపు తాతను అబ్బ అంటారు, అక్క వాడికి అలాగే నేర్పింది. ఆ ఇంట్లో అబ్బా అంటే తండ్రి. అందుకని వాడు "అబ్బా, కూచో" అనగానే, అప్పటికే కూర్చుని ఉన్న మా బావ ఉలిక్కిపడి ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు. మా నాయన మాత్రం చువ్వలాగా నిలబడే ఉన్నాడు.

అప్పుడు అక్క మామ లేచి వచ్చాడు. తెల్లగడ్డం, పెద్దమనిషి. మా నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావా, నీ మనసులో ఏముండాదో నాకు తెలుసు" అన్నాడు. "ఆ పొద్దు మా ఇంట్లో నిన్ను బండ్లోళ్ళతో కూచోబెట్టినారు. నేను చూసినా. చూసి గూడా లేచి రాలేదు. తప్పు నాది. ఇన్నేండ్లు చెప్పుకోలేకపోయినా. ఇందరిలో అడుగుతాండా, అది మనసులో పెట్టుకోవద్దు. కూచో."

తెర వెనక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాడు. నలుగురిలో, చేతులు పట్టుకుని, తెలుగులో చెప్పాడు. మా నాయన ముఖం కూడా ఒక రకంగా అయింది. ఆయన కూడా ఆ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

కానీ కూర్చోలేదు.

"ఇంకా కోపం పోలేదు పాపం" అని ఎవరో గొణిగారు. మౌల్వీ సాబు దగ్గాడు. ఆ ఖాళీ చోటు మీద ఇంకెవరైనా కూర్చుంటే ఇక అంతే, మా నాయన ఈ జన్మకు ఈ ఇంటికి రాడు.

మోకాళ్ళ నొప్పి అని చెప్పి ఉండవచ్చు. నడుం పట్టేసిందని చెప్పవచ్చు. అప్పటికప్పుడు నాకే నాలుగైదు తోచాయి. మా నాయన ఏం చెప్పాడంటే:

"కోపం ఏం ల్యా బావా. నువ్వు చెప్పిన మాటకు నాకు శానా నిమ్మళంగా ఉండాది. కూచుంటే చినుగుతాది, అదీ సంగతి. నా బిడ్డ రెండు చేతులా కుట్టినాది, దాన్ని చింపుకోలేను."

ముందు మా బావ నవ్వాడు. తర్వాత మౌల్వీ సాబు. ఆ తర్వాత గోడలు కూడా నవ్వాయి. అక్క మామ గడ్డం పట్టుకుని మరీ నవ్వాడు, నవ్వుతూనే మా నాయనను కావిలించుకున్నాడు.

తెర ఇవతల అక్క అత్త నా వైపు తిరిగింది.

"మియానీ ఏదమ్మాయ్?"

"అదో, ఆడ నిలబడుకోనుండాడు గదా" అన్నాను.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ గదిలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. నవ్వని మనిషి అక్క ఒక్కతే అనుకున్నాను. తర్వాత చూస్తే అదీ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఆ అత్త అప్పుడు నాకు చేత్తో కొలిచి చూపించి చెప్పింది, మియానీ అంటే ఏమిటో. చెప్పేటప్పుడు చక్కగా దీర్ఘం తీసింది. ఈ దీర్ఘం కర్నూలు ఖాలాకు ఎందుకు రాలేదు?

"అయితే ఆ ముక్క మిగిలుండాల గదా. యాడుండాది?"

"పారెయ్యలా. పిల్లోనికి టోపీ కుట్టినా."

అందరూ తెర సందులోంచి పిల్లవాడి నెత్తి వైపు చూశారు. ఇక ఆ అత్త గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ, "మియానీ నెత్తిన పెట్టుకోని చదువు మొదలు పెడతాండాడు నా మనుమడు" అంది. ఈ మాట ఎగిరి మగవాళ్ళ దాకా పోయింది. ఎవరో టోపీ మార్చమన్నారు.

"టోపీ తీయొద్దు" అన్నాడు మా నాయన. ఎప్పుడూ లేనంత గట్టిగా అన్నాడు. తీయలేదు.

నవ్వు తగ్గాక అక్క అత్త లేచింది. సంచిలో ఉన్న మా నాయన పంచెను తనే తీసింది. మడత దులిపి, తెర సందులోంచి చెయ్యి చాపింది.

"అన్నా, పంచె కట్టుకోని కూచో."

పంచె వద్దన్న నోటితోనే. ఆ మాట నేను రెండు చెవులతోనూ విన్నాను. అక్క కూడా విన్నది, అడిగితే ఇప్పటికీ చెప్తుంది. మా నాయన పక్కగదికి పోయి పంచె కట్టుకుని వచ్చి, జంఖానా నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్లవాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాడు. వాడి వేలు పట్టుకుని మౌల్వీ సాబు పలక మీద గీత గీయించాడు. వాడు చెప్పమన్నది చెప్పాడు. మిఠాయి పంచారు.

ఆ పైజామాను అక్క అత్త ఉంచుకుని, మియానీ వేసి తర్వాత పంపించింది. మంచి మనసుతోనే చేసిందని అందరూ అన్నారు. కానీ వేసింది పచ్చగుడ్డతో. ఎర్ర అంచు, తెల్లగుడ్డ, నడుమ పచ్చ. నేను అది విప్పి పారేసి, నా ఓణీ కొస కోసి తెల్లది వేశాను. మా నాయన దాన్ని తొడుక్కుని మసీదుకు పోయేవాడు, కూర్చునేవాడు, లేచేవాడు, సజ్దాలో వంగి నుదురు నేలకు ఆనించేవాడు. ఒక్క పోగు ఊడలేదు. ఈ సంగతి మాత్రం ఏ పెండ్లిలోనూ ఎవరూ ఎత్తరు.

ఆ రోజు అక్షరం అయిపోయినా పిల్లవాడు ఒళ్ళోంచి దిగలేదు. కాసేపటికి అలాగే నిద్రపోయాడు. వాణ్ణి తీసి పడుకోబెడదామని మా బావ చేతులు చాపితే, "ఉండనీ నాయనా, లేస్తాడు" అని మా నాయన పంచె కొంగు వాడి మీద కప్పాడు. భోజనాలు పక్కగదిలో అనుకున్నారు. ఆయన లేచేలా లేడని, భోజనాల గుడ్డ తెచ్చి ఆయన ముందే పరిచారు. అక్క మామ ఆయన పక్కన కూర్చుని తనే వడ్డించాడు. ఒక చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని, ఒక చేత్తో తిన్నాడు మా నాయన. తిన్నాక కూడా లేవలేదు. రెండో వరస మగవాళ్ళు వచ్చి ఆయన చుట్టూ కూర్చుని తిని పోయారు.

"కాళ్ళు తిమ్మిరెక్కలేదా అన్నా?" అని తెర వెనక నుంచి అక్క అత్త అడిగింది.

"ఎక్కి దిగినాయి చెల్లెమ్మా. మళ్ళా ఎక్కుతాండాయి."

ఆడవాళ్ళ వరస ఆఖరిది, అందులోనూ వచ్చినవాళ్ళకు వడ్డించి నేను కూర్చునేసరికి ముక్కలు అయిపోయాయి. నా పైజామాను చూసి నవ్వినవాళ్ళందరూ కడుపునిండా తిని, పొట్ట పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నారు. గిన్నె అడుగున పులుసు, ఒక ఎముక మిగిలాయి. ఆ ఇంటి పెద్ద మా నాయన చేతులు పట్టుకుని తప్పైపోయిందన్నాడు, బాగుంది. ఆ మాట అనిపించిన పైజామా కుట్టినదానికి ఒక ముక్క దాచి పెట్టాలని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నేను నా పళ్ళెం తీసుకుపోయి తెర సందు దగ్గర కూర్చున్నాను. అవతల మా నాయన మనుమడి నోటి దగ్గర వాలిన ఈగను తోలుతున్నాడు. నేను ఆ ఎముకే చీకుతూ, ఆయన ఎంతసేపు కూర్చుంటాడో చూస్తూ ఉన్నాను.